వాద్యకారుని బొటనవ్రేలు – సూదిమందు వైద్యం

మహాభారతంలోని ఏకలవ్యుని కథ ఎరుగని విద్యార్థి ఉండడు. ద్రోణాచార్యుడు గురుదక్షిణగా ఆ బాలుని కుడిచేతి బొటనవ్రేలిని కోరాడు. ఆ ఒక్క వ్రేలు పోయినచో మిగిలిన నాలుగు వ్రేళ్ళు నేర్చిన విద్య కూడ పోవునని ఆచార్యునికి తెలుసు. సంస్కృతంలో దానిని అంగుష్ఠం అన్నారు. మన కళాశాల ఉర్దూ విభాగపు మిత్రులు అంగూఠా అంటారు. ఈ రెండు మాటలకూ మూలం ఒక్కటే. తెలుగువారు బొటనవ్రేలు అన్నారు. ఏ పేరుతో పిలిచినా, మనిషి చేయి ఒక వస్తువును పట్టుకోగలగడం దాని చలువయే.

ఈ వ్రేలి మొదట వచ్చే కీళ్ళవాతం, అది వాద్యకారుల బ్రతుకుదెరువుకు తెచ్చే చిక్కు, దానికి ఇచ్చే సూదిమందు – ఈ మూడింటిని గురించి వివరించడం ఈ వ్యాసం యొక్క ఉద్దేశం. నేను వైద్యుణ్ణి కాను, తెలుగు బోధించేవాణ్ణి. అయినను ఈ విషయాన్ని చేపట్టడానికి ఒక కారణం ఉన్నది.

మాకు తెలిసిన పెద్దాయన ఒకరు విశాఖ పాతనగరంలో పెళ్ళిళ్ళ బ్యాండుమేళంలో ముప్పై ఏండ్లకు పైగా క్లారినెట్ వాయించారు. ఒకనాటి సాయంకాలం ఆయన ఒక ఆసుపత్రి కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి, "మాస్టారూ, ఇందులో ఏముందో చదివి చెప్పండి. పెళ్ళిళ్ళ రోజుల్లోనే మూడు సూదులు వేయించుకున్నాను. ఇప్పుడు వ్రేలి దగ్గర ఈ తెల్లమచ్చ వచ్చింది. మేళంలో వాళ్ళు బొల్లి అంటున్నారు" అన్నారు.

"చాచా, సూది వేసేముందు మీకేమి చెప్పారు?" అని అడిగాను.

"తగ్గిపోతుందన్నారు. అంతే."

కాగితం అంతా ఇంగ్లీషులో ఉన్నది. మందు పేరు, మోతాదు, రాగల చిక్కులు అన్నీ అందులో వ్రాసియే ఉన్నాయి. క్రింద ఆయన సంతకం కూడ ఉన్నది. తనకు అర్థం కాని మాటలకు ఆయన సంతకం పెట్టారు. ఆ కాగితంలోని సంగతులను ముందే ఎవరైనా తెలుగులో చెప్పి ఉంటే ఆయన కథ వేరుగా ఉండేది. ఆ లోటును కొంతవరకైనా తీర్చవలెననే ఈ ప్రయత్నం.

కీలు నిర్మాణం

మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉన్నాయి. వాటిలో బొటనవ్రేలి వైపున ఉన్న ఎముకను ట్రపీజియం అంటారు. బొటనవ్రేలి మూలపుటెముక దీనిపై కూర్చుని ఉంటుంది. గుర్రపు జీను మీద రౌతు కూర్చున్నట్లు ఈ రెండు ఎముకల ఉపరితలాలు ఒకదానిలో ఒకటి అమరి ఉంటాయి. అందువల్లనే బొటనవ్రేలు ముందుకు, వెనుకకు, ప్రక్కలకు కదలగలుగుతుంది. కొద్దిగా తిరిగి మిగిలిన నాలుగు వ్రేళ్ళ కొనలను తాకగలుగుతుంది.

ఇంతటి స్వేచ్ఛకు మూల్యం కూడ ఉన్నది. ఈ కీలును ఎముకల అమరిక గట్టిగా నిలుపదు. చుట్టూ ఉన్న నరాలవంటి స్నాయువులు నిలుపుతాయి. అవి వదులైన కొలది ఎముక జీనుపై నుండి ప్రక్కకు జారసాగుతుంది. కూనీ, చావ్ అనే పరిశోధకులు 1977లో ప్రకటించిన లెక్క ఇచట గమనింపదగినది. బొటనవ్రేలి కొనతో 1 కిలో బలంతో ఒక వస్తువును నొక్కి పట్టుకుంటే, వ్రేలి మొదటి కీలుపై సుమారు 12 కిలోల ఒత్తిడి పడుతుంది. పిడికిలి బిగించి గట్టిగా పట్టినప్పుడు అది 120 కిలోల వరకు పోవచ్చును. కొనలో చిన్నదిగా కనిపించే శ్రమ మొదట్లో ఎన్నో రెట్లు పెరుగుతుందన్నమాట.

ఎముకల చివరలను కప్పి ఉంచే మృదులాస్థి ఏండ్ల తరబడి ఈ ఒత్తిడికి అరిగి, ఎముక అంచులు మొనదేలి, కీలు వాచి నొప్పి పుట్టడమే ఆస్టియో ఆర్థ్రైటిస్. తెలుగులో కీలు అరుగుదల అనవచ్చును. యాభై ఏండ్లు దాటినవారిలో, అందులోనూ స్త్రీలలో, ఇది ఎక్కువగా కనిపిస్తుంది. సీసా మూత త్రిప్పేటప్పుడు, తాళం తీసేటప్పుడు, తడిబట్ట పిండేటప్పుడు వ్రేలి మొదట నొప్పి రావడం దీని తొలి గుర్తు. ముదిరినచో అచట ఎముక బొడిపెగా పైకి కనిపిస్తుంది. బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి మధ్య ఎడం తగ్గిపోతుంది.

వాద్యాలు, బొటనవ్రేలు

మన ఉత్తరాంధ్ర సంగీతానికి పెట్టినది పేరు. విజయనగరంలో 1919లో మహారాజావారి సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అచట వాయులీన ఆచార్యులై, 1936లో అధ్యక్షులైనారు. బొబ్బిలి వీణలు దేశమంతటా ప్రసిద్ధి. గొల్లపల్లి శిల్పులు పనసకర్రతో వాటిని చెక్కుతారు. ఇక మన పట్టణంలో తూర్పు నౌకాదళపు బ్యాండు మొదలుకొని వీధి పెళ్ళిమేళం వరకు వాద్యకారులకు కొదువ లేదు.

ఒక్కొక్క వాద్యం బొటనవ్రేలిని ఒక్కొక్క తీరున శ్రమపెడుతుంది. వైణికులు ఎడమచేతి చూపుడు, నడిమి వ్రేళ్ళతో తంత్రిని మెట్టుపై నొక్కి, ప్రక్కకు లాగి గమకం పలికిస్తారు. బొటనవ్రేలు దండిని ఆనుకొని ఉంటుంది. దానిని అవసరానికి మించి బిగబట్టే అలవాటు ఉన్నవారికి శ్రమ ఎక్కువ. కర్ణాటక పద్ధతిలో వాయులీనం వాయించేవారు నేలపై కూర్చుని వాద్యపు తలను కుడిపాదంపై ఆన్చుకుంటారు కనుక ఎడమచేతికి బరువు తగ్గుతుంది. కాని కుడిచేతి బొటనవ్రేలు వంగి గంటల తరబడి కమానును పట్టి ఉండవలసినదే.

నాగస్వరానికి ముందు వైపున ఏడు స్వరరంధ్రాలు ఉన్నాయి. బొటనవ్రేలికి రంధ్రం లేదు. రెండు బొటనవ్రేళ్ళూ వెనుక నుండి వాద్యానికి ఆసరా ఇస్తాయి. ఈ వాద్యంతో తెలుగు ముస్లింలకు గల అనుబంధం మన విద్యార్థులు గర్వింపదగినది. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీని, 1998లో సంగీత కళానిధి బిరుదాన్ని పొందారు. వారి శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. వీరికి ఈ వ్యాధి సోకినదని నా భావం కాదు. ఇటువంటి విద్య మొత్తం ఎంత చిన్న కీళ్ళపై నిలిచి ఉన్నదో చెప్పుటయే నా ఉద్దేశం.

క్లారినెట్ సంగతి మరింత స్పష్టం. సుమారు ముప్పాతిక కిలో బరువున్న ఆ వాద్యాన్ని నిలువునా మోసేది ప్రధానంగా కుడిచేతి బొటనవ్రేలే. పెళ్ళి ఊరేగింపులో నడుస్తూ నాలుగైదు గంటలు వాయించే మనిషి ఆ వ్రేలిపై మోసే భారం ఎంతటిదో ఊహించుకోవచ్చును.

వాద్యకారుల బాధలు ఒక్క మన దేశానివే కావు. అమెరికాలోని వాద్యబృందాలలో 1986లో జరిపిన పరిశీలనకు 2,212 మంది సమాధానమిచ్చారు. వాయించడానికి ఆటంకమైన శరీరబాధ కనీసం ఒకటైనా తమకు ఉన్నదని వారిలో 76 శాతం మంది తెలిపారు. పాశ్చాత్య పియానో విద్వాంసుడు బైరన్ జానిస్‌కు 1973లో చేతుల కీళ్ళవాతం వచ్చినది. ఆయన పన్నెండేండ్లు దానిని దాచిపెట్టి కచేరీలు చేసి, 1985లో మాత్రమే లోకానికి వెల్లడించారు. నొప్పి ఉన్నదని తెలిస్తే పిలుపులు తగ్గిపోతాయనే భయం పెద్ద విద్వాంసునికీ, వీధిమేళగానికీ సమానమే.

మొదట రోగనిర్ణయం

బొటనవ్రేలి వైపు వచ్చే ప్రతి నొప్పీ కీలు అరుగుదల కాదు. మణికట్టు అంచున స్నాయువుల ఒర వాచడం వలన వచ్చే నొప్పికి, 1895లో దానిని వర్ణించిన స్విట్జర్లాండు వైద్యుని పేరిట డికెర్వైన్ వ్యాధి అని పేరు. వ్రేలు మడిచినప్పుడు చిక్కుకొని టక్కున తెరచుకునే జబ్బు మరొకటి. ఈ రెండింటిలోనూ సూదిమందు తరచుగా మంచి ఫలితాన్నిస్తుంది. కనుక పొరుగువానికి ఒక్క సూదితో తగ్గినదని మనకూ తగ్గుతుందని తలచరాదు. అతని జబ్బు వేరై ఉండవచ్చును.

ఒంటిలోని రక్షణశక్తియే కీళ్ళపై తిరగబడే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఇంకొకటి. దానికి వైద్యం పూర్తిగా వేరు. అమెరికా పియానో విద్వాంసుడు లియోన్ ఫ్లైషర్ కుడిచేయి 1960లలో పట్టు తప్పినది. అది కీళ్ళజబ్బు కాదు, కండరాలకు మెదడు పంపే ఆజ్ఞలలో వచ్చిన తడబాటు. 1990లలో బొటులినమ్ అనే వేరొక సూదిమందు సాయంతో ఆయన మరల రెండు చేతులతో వాయించగలిగారు. సూది అన్న మాట ఒకటే అయినా మందులు వేరు, జబ్బులు వేరు. వైద్యుడు చేతితో పరీక్షించి, ఎక్స్‌రే తీయించి నిర్ణయించవలసిన విషయమిది. ఎక్స్‌రేలో అరుగుదల ఎక్కువగా ఉండి నొప్పి తక్కువగా ఉండవచ్చును; అందుకు విరుద్ధంగానూ ఉండవచ్చును.

సూదిమందు పుట్టుక

కీళ్ళవాతానికి కార్టిజోన్ అనే మందును అమెరికాలోని మేయో వైద్యశాలలో ఫిలిప్ హెంచ్ 1948లో తొలిసారి ప్రయోగించాడు. రోగులలో కనిపించిన మార్పు చూచి లోకం ఆశ్చర్యపడినది. 1950లో ఆయనకూ, కెండాల్, రైక్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞులకూ నోబెల్ బహుమానం లభించినది. 1951లో హాలెండర్ అనే వైద్యుడు ఈ జాతి మందును నేరుగా కీలులోనికే ఎక్కించే పద్ధతిని ప్రకటించాడు. ఒళ్ళంతటికీ మందు పోయకుండా, నొప్పి ఉన్న చోటికే అందించడం ఇందలి కిటుకు.

ఈ రోజు బొటనవ్రేలి కీలుకు తరచుగా వాడే మందులలో ట్రయామ్సినోలోన్ ఒకటి. దీనిని 1950లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు రూపొందించారు. ఆ ప్రయోగశాల పరిశోధనలను 1940 నుండి 1948లో మరణించే వరకు నడిపినవారు భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ట్రయామ్సినోలోన్ వారి మరణానంతరం వచ్చినది. కాని రుమటాయిడ్ కీళ్ళవాతానికి నేడు ప్రపంచమంతటా ఇచ్చే మెథోట్రెక్సేట్ వారి నాయకత్వంలో పుట్టిన మందే. ఒక తెలుగువాడు కూర్చున్న ప్రయోగశాల నుండి రెండు రకాల కీళ్ళజబ్బులకూ మందులు రావడం మనము స్మరింపదగిన విషయం.

సూది ఎట్లు వేస్తారు, ఏమి జరుగుతుంది

చర్మాన్ని శుభ్రపరచి, నొప్పి తెలియకుండ మత్తుమందుతో కలిపి, సన్నని సూదితో కీలు సందులోనికి మందును ఎక్కిస్తారు. కీలు చాల చిన్నది కనుక మందు ఒక మిల్లీలీటరుకు మించదు. సూది సరిగా సందులోనికే పోవునట్లు కొందరు వైద్యులు అల్ట్రాసౌండ్ యంత్రం సాయం తీసుకుంటారు. మత్తుమందు వలన కొన్ని గంటలు హాయిగా ఉండి, మరల నొప్పి వచ్చి, అసలు మందు కొద్ది రోజులలో పనిచేయనారంభిస్తుంది.

మందు చేసే పని వాపును అణచడం. అరిగిన మృదులాస్థిని అది మరల మొలిపించదు. వదులైన స్నాయువును బిగించదు. ఇల్లు కాలుతుండగా మంటలు ఆర్పడం వంటిది ఈ మందు. కాలిన దూలం మాత్రం కాలినట్లే ఉంటుంది. ఉపశమనం కొందరికి కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు.

దీని విలువపై పండితులలోనే భేదాభిప్రాయం ఉన్నది. 2004లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో 40 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు అసలు మందును, మరొక జట్టుకు ఉప్పునీటిని ఎక్కించారు. 24 వారాల తరువాత రెండు జట్లకూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. 2018లో ఐరోపా నిపుణుల సంఘం, చేతి కీళ్ళ అరుగుదలకు ఈ సూదిని సాధారణంగా వాడనవసరం లేదన్నది. 2019లో అమెరికా నిపుణుల సంఘం, సందర్భాన్ని బట్టి వాడవచ్చునన్నది. హయాలురోనిక్ ఆమ్లం అనే ఖరీదైన వేరొక సూదిని బొటనవ్రేలికి వాడకుండుటే మేలని సూచించినది. రోగి రక్తం నుండియే తీసి ఎక్కించే ప్లేట్‌లెట్ల సూదికి కూడ ఈ కీలు విషయంలో గట్టి రుజువులు ఇంకా కుదరలేదు.

కనుక సూదిమందు వ్యర్థమనీ అనరాదు, సర్వరోగనివారిణి అనీ అనరాదు. అది కొంత వ్యవధిని సంపాదించి పెడుతుంది. ఆ వ్యవధిలో మనిషి ఏమి చేస్తాడన్నదే ప్రధానం.

చిక్కులు, జాగ్రత్తలు

మా చాచా వ్రేలిపై వచ్చిన తెల్లమచ్చ బొల్లి కాదు. మందు కీలు దాటి చర్మం క్రిందికి చేరినప్పుడు ఆ చోట రంగు తగ్గి, క్రొవ్వు కరిగి పలుచబడవచ్చును. మన వంటి చామనచాయ చర్మంపై అది స్పష్టంగా కనిపిస్తుంది. అంటువ్యాధి కాదు, చాలమందికి కొన్ని నెలలలో, ఒక్కొక్కప్పుడు ఏడాదికి, రంగు తిరిగి వస్తుంది. ఈ ఒక్క మాట తెలియక ఆయన రెండు నెలలు చేతిగుడ్డ చుట్టుకొని తిరిగారు. మేళంలో తోటివారితో కలిసి భోజనానికి కూర్చోలేదు.

మధుమేహం ఉన్నవారికి సూది తరువాత కొద్ది రోజులు రక్తంలో చక్కెర పెరుగుతుంది. ముందుగా వైద్యునికి చెప్పి పరీక్ష చేయించుకుంటూ ఉండవలెను. ఒకటి రెండు రోజులు నొప్పి హెచ్చవచ్చును. అరుదుగా చీము పట్టడం, స్నాయువు తెగడం కూడ కలదు. సూది చోట ఎఱుపు, వేడి, జ్వరం కనిపిస్తే ఆలస్యం చేయరాదు. ఒకే కీలుకు మరల సూది వేయడానికి సాధారణంగా కనీసం మూడు నెలల ఎడం పాటిస్తారు. శస్త్రచికిత్స తలపెట్టినవారు కూడ ముందు మూడు నెలలలో సూది వేయించుకొనకుండుట మంచిది. చీము పట్టే అవకాశం పెరుగుతుంది.

వాద్యకారునికి వీటన్నిటికంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. నొప్పి అణగినది కనుక జబ్బు పోయినదని తలచి మరునాడే మేళానికి పోవడం. నొప్పి కాపలావాని వంటిది. వాణ్ణి నిద్రపుచ్చి, తలుపులు తెరచి ఉంచినచో ఇల్లు గుల్ల అవుతుంది. చాచాకు మొదటి సూది రెండు నెలలు పనిచేసినది. ఆ రెండు నెలలూ ఆయన మునుపటికంటె ఎక్కువ పెళ్ళిళ్ళు ఒప్పుకున్నారు. రెండవ సూది మూడు వారాలు నిలిచినది. మూడవది నిలువనే లేదు.

ఇతర మార్గాలు

సూది వేయించుకొన్నా, వేయించుకొనకపోయినా చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. వ్రేలి మొదటిని కదలకుండ నిలిపే కట్టు, అనగా స్ప్లింటు, మొదటిది. ఫ్రాన్సులో 112 మందిపై జరిపి 2009లో ప్రకటించిన పరీక్షలో, రాత్రివేళ కట్టు ధరించినవారికి నెల తరువాత తేడా లేదు. ఏడాది తరువాత మాత్రం నొప్పి తగ్గినది. అన్ని పరీక్షలూ ఇంత అనుకూలంగా రాలేదు. అయినను హాని లేని వైద్యం కనుక అమెరికా నిపుణులు దీనిని గట్టిగా సమర్థించారు. గోరువెచ్చని నీటి కాపడం, నొప్పిపై రాసే మందు, బొటనవ్రేలి చుట్టూ ఉన్న చిన్న కండరాలను బలపరచే వ్యాయామం ఉపకరిస్తాయి. వ్యాయామాన్ని ఫిజియోథెరపీ తెలిసినవారి వద్ద నేర్చుకోవలెను.

వాద్యాన్ని చేతికి తగినట్లు మార్చుకోవడం మరొకటి. క్లారినెట్‌కు మెడపట్టీ కట్టినచో బరువు చాలవరకు వ్రేలి నుండి మెడకు పోతుంది. వైణికులు ఎడమ బొటనవ్రేలిని బిగబట్టుతున్నారేమో గురువుతో చూపించుకోవలెను. ఎడతెగక రెండు గంటలు సాధన చేయుటకంటె, అరగంటకొకసారి చేతికి విశ్రాంతి నిచ్చుట మేలు.

ఇవేవీ పనిచేయనప్పుడు శస్త్రచికిత్స ఉన్నది. అరిగిన ట్రపీజియం ఎముకనే తొలగించే పద్ధతిని గెర్విస్ అనే ఆంగ్ల వైద్యుడు 1949లో ప్రకటించాడు. నేటికీ అది వాడుకలో ఉన్నది. నొప్పి తగ్గుతుంది కాని పట్టుబలం తిరిగి రావడానికి నెలలు పడుతుంది. కనుక వాద్యకారుడు దానికి ఏడాదిలోని పెళ్ళిళ్ళను, కచేరీలను లెక్కవేసుకొని సిద్ధపడవలెను.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! సూది వేయించుకొనే ముందు వైద్యుణ్ణి అయిదు ప్రశ్నలు అడగండి. నా జబ్బు పేరేమి? ఈ మందు పేరేమి? ఎంతకాలం పనిచేయవచ్చును? ఏ చిక్కులు రావచ్చును? ఎన్ని రోజులు వాయించకుండా ఉండవలెను? జవాబు తెలుగులోనో, ఉర్దూలోనో, మీ ఇంట మాట్లాడే భాషలో అడగండి. అర్థం కాని కాగితంపై సంతకం చేయకండి. మీ ఇంటి పెద్దలు చేయబోతే, చదివి చెప్పే బాధ్యత చదువుకున్న మీదే.

మన పట్టణంలో 1923 నుండి ఆంధ్ర వైద్య కళాశాల, కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్నాయి. ఏడాదికి ఒకసారి ఎముకల వైద్యులొకరిని మన కళాశాలకు ఆహ్వానించి, విద్యార్థులతో పాటు పట్టణంలోని మేళగాండ్రను కూడ పిలిచి, వారి భాషలో ఈ సంగతులు చెప్పించవలెనని కళాశాల కార్యవర్గానికి మనవి. ఖర్చు కొద్దిపాటి, ప్రయోజనం గొప్పది.

చాచా ఇప్పుడు మెడపట్టీ కట్టుకొని వాయిస్తున్నారు. ఊరేగింపులో నడవరు, పందిరిలో కూర్చుని రెండు పాటలు వాయించి క్లారినెట్‌ను మనుమని చేతికి ఇస్తారు. సంపాదన సగమైనది. మచ్చ మాత్రం మెల్లగా మాసిపోతున్నది. ఏకలవ్యుడు గురువాజ్ఞకు కట్టుబడి, తెలిసి తన వ్రేలిని ఇచ్చాడు. తెలియక పోగొట్టుకొనే దుస్థితి మన వాద్యకారులకు రాకూడదు.